గొట్టం రుచి

పర్లాకిమిడిలో, కొమ్ము బొమ్మలు చెక్కే వీధి చివర
లోకనాథం దుకాణానికి బోర్డు లేదు.
కొమ్ము పొడి వాసనా కుట్టుమిషను నూనె వాసనా
ఎక్కడ కలుస్తాయో అక్కడ ఆగితే, అదే.

జేబులో పోయినేటి మొక్కజొన్న డబ్బు.
కాశీనగర్ బస్సెక్కినప్పటి నుంచీ నోట్లో నానుతున్న ఒకే మాట:
"అన్నిట్లోకీ బలమైనది ఇయ్యి."

అతను తలెత్తలేదు.
ఒక ట్రిగ్గరు అంచుని ఆకురాయితో నిమురుతూ
"దేన్ని కొడతావు?" అన్నాడు.

కోతుల్ని, అనబోయాను.
గోడ మీద ఒడియా అంకెల క్యాలెండరు,
దాని మీద సంజీవిని మోస్తూ ఆయన.
"రేకు డబ్బాల్ని" అన్నాను.

అప్పుడు నవ్వాడు.
"అబద్ధానికైతే చిన్న స్ప్రింగు సాలు బాబూ."

అయినా అటక మీంచి నాలుగు దించాడు.
"ఇది సూడు, గేసుది.
లైసెన్సు అక్కర్లేని గీత దాకా వచ్చి ఆగుతాది.
మడతెయ్యాలంటే నీ ఒళ్ళు బరువంతా కావాల.
పదోసారికి నీ సెయ్యి వణుకుతాది,
ఆ వణుకుని ఏ గుండూ సరిసెయ్యదు."

ఐదు డబ్బీల మూతలు తీశాడు.
మిరియమంత సీసపు గుండ్లు:
తల, పిడికెడు లేని నడుము,
కింద గాలికి విప్పారే పావడా.

"బల్లపరుపు తలది కాయితానికి,
కంసాలి అచ్చేసినట్టు గుండ్రంగా కోస్తాది.
మొన తేలింది సూడ్డానికి బాగుంటాది,
గాలిలో మట్టుకు తాగినోడి నడక.
గుండ్రటి తలది దూరం పోతాది.
మరీ తేలికది తీసి బలమైన దాన్లో పెట్టినావా
సప్పుడెక్కువ, సేరడం తక్కువ."

"ఇంతకీ ఏది మంచిది?"

"నన్నడిగితే ఏటి లాభం, గొట్టాన్నడుగు.
ఒకే కంపెనీలో ఒకేనాడు పుట్టిన రెండు గొట్టాలు
ఒకే ముద్ద తినవు."

పెరట్లో ఇసుక బస్తా. దానికంటించిన నిన్నటి పేపరు.
గేసు తుపాకితో ఐదు కొట్టాను,
ఐదు చిల్లులూ ఐదు ఊళ్ళు:
ఒకటి గుణుపురం, ఒకటి నౌపడ,
ఒకటి వంశధారలో పడిపోయింది.

పాతది, మధ్యరకం,
కట్టె మీద ఎవరి చెంపో ఆనీ ఆనీ మెరుపెక్కింది.
మొన గుండ్లు ఉమ్మేసింది. తేలికవి కూడా.
నాలుగో డబ్బీ, గుండ్రటి తలవి.
అర్ధరూపాయి కింద ఐదూ దాక్కున్నాయి.
లోకనాథం బిళ్ళ తీసి చూసి, మళ్ళీ పెట్టి,
"తింటంది" అన్నాడు, పిల్లకి జ్వరం తగ్గినట్టు.

దాన్ని గోనెలో చుట్టి, గొడుగు జతచేసి
బస్సులో మోకాళ్ళ మధ్య తెచ్చుకున్నాను.

తెల్లారి గట్టు మీద తల్లి కోతి.
పొట్టకి అతుక్కుని బొటనవేలంత ముఖం.
ఊపిరి సగం వదిలాను, వేలు మొదటి మెట్టు దిగింది.
చూపు కొసన ఆ ముఖం నావైపే.
గొట్టాన్ని ఆ గట్టునే వదిలి, మనిషీ జీవీ లేని
ఏటి ఒడ్డు వైపు తిప్పాను.
అక్కడ వెదురుకి కట్టిన నూనె డబ్బా మూత
టంగుమంది.
మంద మందంతా లేచి ఏరు దాటింది.
ఆ రోజు అన్నం రెండు ముద్దలెక్కువ తిన్నాను.

మూడోనాటికి దాటలేదు.
పెద్ద మగది మూతని చూసింది, నన్ను చూసింది,
తీరిగ్గా కంకి పొట్టు ఒలిచింది.

మళ్ళీ లోకనాథం.
"డబ్బాలైపోయినాయా?"
"డబ్బాలున్నాయి."
అబద్ధం అయిపోయిందని చెప్పలేదు. అతనూ అడగలేదు.
కొమ్ము కొంగకి ముక్కు చెక్కుతూనే
ఒక డబ్బీ ముందుకు తోశాడు, బల్లపరుపు తలలవి.
"ఇవి మరికాస్త మోగుతాయి."

ఇంటికొచ్చి వరసలు లెక్కపెట్టాను.
మూడో వంతు వాటికి పోయింది.
ఆవిడతో నాలుగో వంతన్నాను.